తలుపు మూసే ఇల్లు

బురుజుపల్లెలో ఏ ఇంటికీ లేని పేరు సుంకప్ప ఇంటికి ఉంది. పత్తికొండ మార్కెట్లో టమాటా దింపి తిరిగొచ్చే ఆటోవాళ్ళకు ‘తలుపు మూసే ఇంటికాడ ఆపప్పా’ అంటే చాలు, ఇంకేమీ అడగరు. నిజానికి ఆ తలుపు ఏడాది పొడుగునా బార్లా తెరిచే ఉంటుంది. కోళ్ళు వస్తాయి, పిల్లి వస్తుంది, పక్కింట్లో ఉండే సుంకప్ప అక్క ఈరక్క చక్కెరకని వచ్చి ఊరి సంగతులన్నీ దింపి పోతుంది. తలుపు మూసేది ఏడాదికి ఒక్క పూట, దండాట నాడు.

దండాట అంటే ఏరువాకకు ముందు ఆ ఊళ్ళో ఆడే ఆట. ఎప్పుడో పాళెగాళ్ళ కాలంలో పరాయి దండు ఊరి మీదికి వచ్చిందట. బురుజు మీద ఐదుగురు బంట్లు కాపలా. ముందుగాడు మెట్ల మీద అందరికన్నా ముందు నిలబడి పడిపోయాడు. నగిచ్చేటోడు ప్రాణం పోయేదాకా పక్కవాళ్ళను నవ్విస్తూనే పోయాడు. ముసలిబంటు దెబ్బ తిన్నవాళ్ళను భుజాన మోసి మోసి కూలబడ్డాడు. మొండోడు నోరు మెదపకుండా నిలబెట్టిన చోటనే నిలబడి ప్రాణం వదిలాడు. ఐదోవాడు పారినోడు. వాడు బల్లెం పారేసి సందుల్లో పడి ఇంటికి ఉరికొచ్చాడు. పెండ్లాం తలుపు మూసింది. ‘ఈ ఇంట్లో నీకు బువ్వ లేదు, బురుజు మీదికి పో’ అంది. వాడు సిగ్గుతో వెనక్కి పోయి, అందరికన్నా గట్టిగా కొట్లాడి, చివరికి వాడూ పడ్డాడు. ఊరు నిలబడింది.

బురుజు కింద వీరగల్లు ఉంది. దాని మీద ఐదు బొమ్మలు. తరతరాలుగా నూనె పూసీ పూసీ మొహాలు అరిగిపోయి, ఏ బొమ్మ ఎవరిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వేషాలు మాత్రం ఇండ్లవారీగా వస్తాయి. ముందుగాని వేషం ఒక ఇంటిది, నగిచ్చేటోనిది ఇంకొకరిది. పారినోని వేషం సుంకప్ప ఇంటిది. వాళ్ళ నాయన కట్టాడు, ఆయన నాయన కట్టాడు. తలుపు మూసే పని ఆ ఇంటి కోడలిది. ఆట సగంలో ఆగితే ఆ ఏడు వాన రాదని ఊరి నమ్మకం.

హులిగెమ్మ ఆ ఇంటికి ఆలూరు దిక్కు నుంచి కోడలుగా వచ్చింది. మాటలో సగం కన్నడం. చిన్నప్పుడు బడికి పోయింది తక్కువ, గొర్రెల వెంబడి పోయింది ఎక్కువ. పెండ్లయిన తొలి ఏడే దండాట వచ్చింది. అత్త రామలక్ష్మమ్మ ఆమె చేతికి రోకలి ఇచ్చి తలుపు వెనక నిలబెట్టింది.

“మీ ఆయన వచ్చి తలుపు కొడతాడు. నువ్వు లోపల్నించి రోకలితో గుద్దల్ల. బువ్వ లేదు పో అనల్ల. బురుజు దంకా ఇనపడల్ల.”

“అట్లంటే ఆయన బాధపడడా అత్తా?”

“బాధపడేకే గదే అనేది! బాధపడకుంటే ఎనక్కి యాడ పోతాడు?”

కాసేపటికి సుంకప్ప ఉరికొచ్చాడు. పారిపోయినవాని మీద ఆడవాళ్ళు చల్లిన బూడిద ఒంటినిండా. తలుపు మీద రెండు చేతులూ పెట్టి, తాతల నుంచి వస్తున్న మాటే అన్నాడు. “బయమైతాందే. ఇంటికొచ్చినా. తలుపు తీయి.”

హులిగెమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది. రామలక్ష్మమ్మ రోకలి లాక్కొని, తానే గుద్ది, తానే అరిచి పని ముగించింది. ఆ పొద్దు బువ్వ తింటూ సుంకప్ప నవ్వాడు. “నువ్వు యాడ తీసేస్తావో అని నాకు లోపల దడ. తీసింటే ఊరంతా మనల్ని తన్నుతుండె.”

ఏండ్లు గడిచేకొద్దీ ఆమెకు ఆ పని చేతికొచ్చింది. కూరలో ఉప్పులాగా ఎంత వేయాలో తెలిసిపోయింది. పాత మాటతో ఊరుకోకుండా ప్రతి ఏడూ కొత్త ఎత్తిపొడుపు ఒకటి కలిపేది. “ఉరికేది నేర్చుకుంటివి గదా, ఇట్లే కర్నూలు దంకా ఉరుకు, మెడల్ ఏస్తారు!” అని ఒక ఏడు. “బల్లెం యాడప్పా? పాత ఇనుము సామాన్లోనికి ఏసి ఉల్లిగడ్డలు తిన్యావా?” అని ఒక ఏడు. జనం పడిపడి నవ్వేవాళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. ఫోన్లు వచ్చినాక ఆ తలుపు ముందర చేతులన్నీ పైకి లేచేవి. ‘తలుపు హులిగెమ్మ’ అని పేరు పడింది. సుంకప్పకు అదేమీ పట్టేది కాదు. నలుగురిలో నోరు తెరవని మనిషి, ఆ ఒక్క పూట ఊరంతా తిరిగి ఉరికి, తిట్లు తిని, ఇంటికొచ్చి బూడిద కడుక్కొని, “ఈసారి బాగా అంటివి” అని పెండ్లాన్ని మెచ్చుకునేవాడు.

వాళ్ళకు ఒక్కడే కొడుకు, చంద్ర. చిన్నప్పుడు దండాట రోజు తలుపు గడియ వేసే పని వాడిది. గడియ వేసి, నాయన బయట కూకలు పెడుతుంటే కండ్లు పెద్దవి చేసుకొని వినేవాడు. ఒక ఏడు వాడు కనబడకుండా పోయాడు. చూస్తే వెనక తలుపు తీసుకొని, చెంబుతో నీళ్ళు పట్టుకొని, దొడ్డి గోడ పక్కనుంచి తండ్రికి అందిస్తున్నాడు.

“ఒరే ఒరే, ఆట చెడిపోతాదిరా!” అని రామలక్ష్మమ్మ గుండెలు బాదుకుంది.

“మూసేది ముందు తలుపే గదా జేజీ. ఎనక తలుపు గురించి ఆటలో చెప్పలే గదా” అన్నాడు వాడు.

అప్పటి నుంచి ఏటా ఆ చెంబు నీళ్ళు నడిచాయి. ఊరికి తెలుసు, తెలియనట్టు ఉండేది.

చంద్ర పెద్దవాడై ట్రాక్టరు నేర్చుకున్నాడు, తర్వాత టమాటా లారీ తోలాడు, ఆ తర్వాత మిలట్రీలో డ్రైవరుగా చేరాడు. ఎక్కడో ఉత్తరాన మంచు కొండల్లో పైకి సామాన్లు చేర్చే బండి. లీవులో వచ్చినప్పుడల్లా బట్టలు సర్దుకునే ముందు గోడకు ఆనుకొని కూర్చొని తల్లి చేతి ఉగ్గాని తినేవాడు. తుపాకీ కథలు అడిగినవాళ్ళకు, “నాకు స్టీరింగే తుపాకీ అన్నా” అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం హులిగెమ్మ చింతపండు కొడుతుండగా ఫోను వచ్చింది.

“ఏం చేస్తాండావమ్మా?”

“చింతపండు కొడతాండా. తిన్యావా నాయనా?”

“తిన్యా. అమ్మా, ఈ దోవలు సూస్తే నీకు కండ్లు తిరుగుతాయి. ఒకపక్క కొండ, ఒకపక్క ఏమీ ఉండదు, మబ్బులే.” కాస్త ఆగాడు. “బయమైతాందమ్మా. ఇంటికొస్తా. తలుపు తీస్తావా?”

అది ఆటలోని మాట. చిన్నప్పటి నుంచి గడియ పక్కన నిలబడి వాడు విన్న మాట. ఆటలోని మాట అన్నాడు కాబట్టి వాడు ఆటకే అన్నాడనుకుంది హులిగెమ్మ. నవ్వింది. “తలుపు హులిగెమ్మ కొడుకువి, నువ్వే చెప్పు. తీస్తానా?”

అటువైపు కొంచెంసేపు గాలి చప్పుడే వినబడింది. తర్వాత వాడూ నవ్వాడు. “తీయవులే. ఎనక తలుపు నుంచి వస్తాలే.”

ఆ తర్వాత కొన్నాళ్ళకే బండి మంచులో జారి లోయలో పడింది. శత్రువులు లేరు, కాల్పులు లేవు. దోవ ఒకటి, మంచు ఒకటి, వాడు ఒకడు.

జెండా కప్పిన పెట్టె బురుజుపల్లెకు వచ్చిన రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. ఊరి ముందర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో చంద్ర మొహం, చేతుల్లో పెద్ద తుపాకీ. పత్తికొండలో ఫ్లెక్సీ కొట్టినవాడు బాగుంటుందని ఎవరి ఒంటికో చంద్ర తల పెట్టాడు. హులిగెమ్మ దాని కింద నుంచి పోయినప్పుడల్లా ఆ చేతుల్నే చూసేది. చేతులు వాడివి కావు. వాడి ఎడమ చేతి మీద ట్రాక్టరు సైలెన్సరు కాలిన మచ్చ ఉండాలి.

వాడి నల్ల ట్రంకుపెట్టె ఇంటికి వచ్చింది. ఎలుకలు దూరవని హులిగెమ్మ అందులో విత్తనానికి దాచిన వేరుశనగ బుడ్డలు పోసి పెట్టింది. ఫోనులో జరిగిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొగునికీ చెప్పలేదు. వెనక తలుపుకు గడియ వేయడం మానేసింది. సుంకప్ప రెండు మూడుసార్లు చూశాడు. ఎందుకని అడగలేదు.

మరుసటి ఏడు ఊరంతా కలిసి దండాట ఆపేశారు. చంద్ర పోయిన ఇంటికి పోయి తలుపు మూయమని ఎవరు అడుగుతారు? ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. బుడ్డలు పూత దశలోనే ఎండిపోయాయి. రెండింటినీ ముడిపెట్టి ఎవరూ పైకి అనలేదు గానీ, బోరింగు కాడ ఆడవాళ్ళు ఆమె రాగానే మాట మార్చడం హులిగెమ్మకు తెలుస్తూనే ఉంది.

ఈ ఏడు ఎండలు ముదిరాక కౌలుట్లయ్య ఇంటికి వచ్చాడు. దండాట నడిపే పెద్ద ఆయనే. సుంకప్పకు చిన్నాయన వరస. వెంట ముందుగాని వేషం కట్టే మద్దిలేటి ఉన్నాడు. అరుగు మీద కూర్చొని, హులిగెమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, కౌలుట్లయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఒరే సుంకా, ఊరంతా ఒక మాట అనుకున్యాం. నువ్వు ఇప్పుడు వీరుని తండ్రివి. నువ్వు బూడిద పూసుకొని ఉరికితే సూసేకి బాగుండదు. ఈ యేడు ముందుగాని యేషం నువ్వు కట్టు.”

“నాది నేను ఇస్తాండా సుంకన్నా” అన్నాడు మద్దిలేటి మనస్ఫూర్తిగానే. “నేను పారినోన్నవుతా. నా పెండ్లాం ఎట్లా అదే అంటాది నన్ను.”

సుంకప్ప మజ్జిగ గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నాడు. హులిగెమ్మ గడపలో నిలబడే అడిగింది. “మరి తలుపు మామా?”

“తలుపు నీదే కోడలా. మనిషి మారినా తలుపు మారదు గదా. ఊరి పరువంతా ఆ తలుపులోనే ఉండాది.”

వాళ్ళు పోయాక సుంకప్ప మజ్జిగ గ్లాసులు తీసి గడపలో పెట్టాడు. ముందుగాడు పడిపోయాక ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు. వీరగల్లు ముందర పండబెట్టి తెల్లగుడ్డ కప్పుతారు. పారినోనికి ఆ గుడ్డ ఉండదు, వాడు మళ్ళీ బురుజెక్కడంతోనే ఆట అయిపోతుంది.

“నేను ఆ గుడ్డ కింద పండుకోలేను హులిగీ” అన్నాడు. “నాకు ఉరికేదొక్కటే వచ్చు. ఉరికి ఇంటికొచ్చేది.”

మరుసటి రోజు పోయి కౌలుట్లయ్యకు అదే చెప్పాడు. ఆయన నొచ్చుకున్నాడు. ఊరికి తలవంపులన్నాడు. చివరికి, “సరే పో, పాత ప్రకారమే కానీ. ఆట మాత్రం ఆగకూడదు” అన్నాడు.

అంటే తలుపు కొట్టేది సుంకప్ప. మూసేది హులిగెమ్మ. ఆ ‘బయమైతాంది’ మాట వినేది ఆమె. ఏ నోటితో ‘పో’ అనాలి? అనకపోతే ఊరు ఏమంటుంది?

చర్చి వీధి వెనక లాజరు బోరు కింద టమాటా పెట్టాడు. మిలట్రీలో చేసి హవల్దారుగా దిగి వచ్చిన మనిషి. కొండల మీద యుద్ధం నడిచినప్పుడు అక్కడ ఉన్నవాడు. హులిగెమ్మ పండ్లు కొనే సాకుతో అక్కడికి పోయింది. లాజరు, భార్య విశ్వాసమ్మ చెట్టు నీడలో పండ్లు ఏరి బాక్సులకు నింపుతున్నారు. ఆమె కూడా కూర్చొని మెత్తబడిన పండ్లు పక్కకు తీయసాగింది.

“అన్నా, ఒకటి అడుగుతా. మిలట్రీలో బయపడేటోళ్ళు ఉంటారా?”

లాజరు నవ్వాడు. “బయపడనోళ్ళు ఉంటారా అని అడుగమ్మా, ఆలోచించి చెప్తా.”

“అది కాదన్నా. దండాటలో ఉండారే, ముందుగాడు, పారినోడు... అట్ల నిజంగా ఉంటారా?”

లాజరు చేతిలో పండు అటూ ఇటూ తిప్పి చూసి బాక్సులో వేశాడు.

“ఉంటారు. అందరూ ఉంటారు. కానీ ఒక్కొక్క యేషానికి ఒక్కొక్క మనిషి ఉండడమ్మా. మా గుంపులో ఒకడుండె, పొద్దంతా మమ్మల్ని నగిచ్చి నగిచ్చి సంపుతుండె. చీకటి పడితే దుప్పటి నోట్లో కుక్కుకొని ఏడుస్తుండె. ఒక దినం ముందుకు ఉరికి ఇద్దర్ని లాక్కొచ్చినోడు, మరుసటి దినం కాళ్ళు కదలక నిలబడిపాయె. నేనే ఒక్క వారంలో మీ ఐదు యేషాలూ కట్టినా. మీ ఆట కట్టినోడు ఎవడో గానీ, ఒక మనిషిని ఐదు తునకలు చేసి ఐదిండ్లకు పంచినాడు.”

“మరి నువ్వు పారినోని యేషం ఎట్ల కట్టినావు?”

“స్టేషను దంకా వచ్చినా. ఇంటికి పోదామని.”

“ఎనక్కి పోతివా? వదిన తలుపు తీయదని అనుకొన్యావా?”

“యాడిది, టికెట్టు దొరకలే!”

విశ్వాసమ్మ చేతిలోని పుచ్చు టమాటా అతని మీదికి విసిరింది. “ఇన్నేండ్లకు ఇప్పుడు చెప్తాండావా? వచ్చింటే తలుపు తీయకుండా ఏం చేస్తుంటి? కట్టుకున్నోడు ఇంటికొస్తే తీయరా ఎవరన్నా?” అనేసి, ఎవరి ముందర అన్నదో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. “నీ గురించి కాదు వదినా. మీది ఆట గదా.”

“ఆటనే” అంది హులిగెమ్మ.

లాజరు ఆమె మొహం కేసి చూశాడు. “చంద్ర నీతో ఏమన్నా అన్యాడా అమ్మా?”

“ఏం అనలే” అంది. కొంగులో టమాటాలు కట్టుకొని లేచింది. దోవలో ఫ్లెక్సీ కింద ఆగింది. ఎండకు వెలిసిపోయి తుపాకీ రంగు పోయింది. మొహం ఇంకా ఉంది. బయపడిన పిల్లవాడు, రోజూ స్టీరింగు పట్టుకున్న పిల్లవాడు, నవ్వించిన పిల్లవాడు, అందరూ ఆ మొహంలోనే ఉన్నారు. ఈ ఫ్లెక్సీ వాళ్ళకు ఒక్కడే కనబడ్డాడు.

దండాట రోజు వచ్చింది. ఆ పూట సుంకప్ప ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. బువ్వ లేదు అనే ఇంట్లో బువ్వ ఉడకకూడదు కదా. రామలక్ష్మమ్మ ఉన్నంతకాలం పొద్దున్నే పొయ్యి మీద నీళ్ళు చల్లేది. ఇప్పుడు ఆమె లేదు, కట్టెల పొయ్యీ లేదు. సుంకప్ప బూడిద గుడ్డలు వేసుకొని బురుజు కాడికి పోయాక హులిగెమ్మ ఇల్లు ఊడ్చింది, గడపకు పసుపు రాసింది. పొద్దు వాలుతుంటే చేతులు వాటంతట అవే బియ్యం తీశాయి. రోజూ పోసేదానికన్నా ఎక్కువే పోసింది. ఆట అయినాక తినడానికి పనికొస్తుందిలే అని తనకు తానే చెప్పుకొని, పప్పు గిన్నె కూడా కుక్కర్లో పెట్టి, గ్యాసు సన్నం చేసింది. పొగ రాదు. ఎవరికి తెలుస్తుంది?

తలుపు మూసి గడియ వేసింది. రోకలి పట్టుకొని నిలబడింది.

బయట డప్పు దగ్గరపడింది. మొదట ముందుగాడు పడిపోయిన కేక, తర్వాత నగిచ్చేటోని ఆఖరి హాస్యానికి జనం నవ్వు, ఒక్కొక్కటే వినబడింది. నలుగురూ వీరగల్లు కాడ గుడ్డ కింద పడుకున్నారన్నమాట. తర్వాత ఆడవాళ్ళ కేకలు. “పారినోడా! ఓ పారినోడా!” సుంకప్ప వస్తున్నాడు. కాలు మడమ నొప్పి వల్ల అడుగు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పడుతోంది. తలుపు ముందర ఆగాడు. ఎప్పటిలాగే డప్పు ఆగిపోయింది. ఆ తలుపు మాట వినడానికి ఊరంతా ఊపిరి బిగబట్టింది.

అప్పుడు కుక్కర్ కూత వేసింది.

కొంచెం కాదు, వీధి చివరిదాకా వినబడేటట్టు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఈరక్క గొంతు అందరికన్నా పైకి లేచింది. “ఏమ్మే హులిగెమ్మా! బువ్వ లేదంటావు, కుక్కర్ కూస్తాంది గదనే!”

వీధంతా నవ్వు. “గమ్మునుండండి! ఆట, ఆట!” అని కౌలుట్లయ్య అరుస్తున్నాడు. నవ్వు సద్దుమణిగాక తలుపు మీద రెండు చేతులు పడిన చప్పుడయింది. సుంకప్ప అరవలేదు. గొంతు జీరబోయింది.

“బయమైతాందే. ఇంటికొచ్చినా. తలుపు తీయి.”

హులిగెమ్మ రోకలి పైకెత్తింది. ఎత్తిన చేయి అట్లాగే ఉండిపోయింది. అటువైపు గాలి చప్పుడు. మొగుడు ఆయాసపడుతున్న చప్పుడు. ఈసారి అది ఆటో కాదో ఆమెకు అక్కరలేకపోయింది. రోకలి కింద పెట్టి గడియ తీసింది.

తలుపు తెరుచుకునేసరికి సుంకప్ప తూలి గడపలో పడబోయాడు. ఆమె పట్టుకుంది.

“తీసినా” అంది. “తీసినా సూడు. రా.”

ఎవరూ నవ్వలేదు. ఫోన్లు పట్టుకున్న చేతులు గాలిలో ఆగిపోయాయి. సుంకప్ప ఆమె మొహం చూశాడు. లోపలికి వచ్చి, గడప పక్కనే, బూడిదతోనే చతికిలబడ్డాడు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. చిన్నప్పుడు చంద్ర అందించిన ఆ ఇత్తడి చెంబే. గటగటా తాగాడు. కుక్కర్ దింపి, ఆవిరి తీసి, పళ్ళెంలో బువ్వ, పప్పు వేసి, ఊరిబిండి పచ్చడి పెట్టింది.

కౌలుట్లయ్య గడప ముందుకు వచ్చాడు. “కోడలా, ఇదేం పని? ఆట సగంలో ఆగిపాయె గదమ్మా. ఒరే సుంకా, లెయ్యి. బురుజు మీదికి పోవల్ల.”

“తినేదాకా పోడు మామా” అంది హులిగెమ్మ. “తిన్యాక కూడా పోడు.”

“ఊరు ఏం కావల్ల మరి?”

“ఊరికి కూడా తలుపులు ఉండాయి గదా మామా. ఒక్క నా తలుపేనా?”

డప్పు వాయించేవాళ్ళు కౌలుట్లయ్య కేసి, ఆయన సుంకప్ప కేసి చూస్తూ నిలబడ్డారు. ఈరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో జనం వెనక నుంచి ఎవరో తోసుకుంటూ వస్తున్నారు. మద్దిలేటి. ఒంటి మీది తెల్లగుడ్డ భుజాన వేసుకొని, మొహం మీద కుంకుమ నెత్తురు ఎండిపోయి.

“ఏమైందప్పా? సచ్చి ఎంతసేపు పండుకోవల్ల? బండ కాలి ఈపు మాడిపాయె. పారినోడు యాడ? ఇంగా రాకపాయె!”

“పారినోడు బువ్వ తింటాండాడు” అన్నారు ఎవరో.

మద్దిలేటి గుమ్మంలోకి తొంగి చూశాడు. కుక్కర్ చూశాడు. సుంకప్పను చూశాడు. హులిగెమ్మ మొహం చూశాక అతని మొహంలో నవ్వు పోయింది. మెల్లగా అన్నాడు. “వదినా, నాకూ ఇంత ఏయి. పొద్దున్నించి తినలే.”

అతని వెనకనే నగిచ్చేటోడు, ముసలిబంటు, మొండోడు గుడ్డలు దులుపుకుంటూ వచ్చారు. చచ్చిన నలుగురూ అరుగు మీద వరసగా కూర్చున్నారు. సుంకప్ప తన పళ్ళెం తీసుకొని బయటికి వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నాడు. “జరగప్పా మొండోడా, నిలబెట్టిన చోటనే ఉండేకి ఇది బురుజు కాదు” అని నగిచ్చేటోడు అంటే మొండోడు కూడా నవ్వాడు. బువ్వ చాలలేదు. ఈరక్క పరిగెత్తి ఇంట్లో ఉన్న రొట్టెలు తెచ్చింది. పొద్దు గూకుతున్నంతసేపు ఐదుగురూ ఊరు చూస్తుండగా తిన్నారు. లాజరు వీధి చివర నిలబడి చూశాడు. దగ్గరికి రాలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

కౌలుట్లయ్య చాలా రోజులు ఆ ఇంటికి రాలేదు. ఆట చెడిందన్నవాళ్ళు ఉన్నారు, అసలు ఇప్పుడే బాగుందన్నవాళ్ళూ ఉన్నారు. వాన ఆలస్యంగా వచ్చింది, చాలీచాలకుండా వచ్చింది. ఆ సీమలో అది ఎప్పుడు వేరేగా వచ్చింది గనుక? ట్రంకుపెట్టెలోని విత్తనం తీసి హులిగెమ్మ, సుంకప్ప తమ ఎర్రనేలలో బుడ్డలు వేసుకున్నారు.

దండాట నాటి ఆ సాయంత్రం మాత్రం జనమంతా పోయాక గాలి లేచింది. హులిగెమ్మ అరుగు మీద పళ్ళేలు తోముతోంది. తలుపు టపటపా కొట్టుకుంటోంది. సుంకప్ప బూడిద కడుక్కొని తల తుడుచుకుంటూ అన్నాడు.

“గాలికి కొట్టుకుంటాంది, గడియ ఏయరాదా?”

ఆమె చేతులు కడుక్కొని లేచింది. మూలనున్న రోకలి తెచ్చి, తెరిచిన తలుపుకు అడ్డంగా, అది మూసుకోకుండా ఆనించి పెట్టింది. ఒకసారి కదిలించి చూసింది. నిలిచింది. మళ్ళీ పోయి పళ్ళేల ముందర కూర్చుంది.